క్రెడిట్ కార్డు మూసేయమన్నాక కూడా ఫీజులు, 7 డాలర్లకి క్రెడిట్ స్కోరు 83 పాయింట్లు పోయింది

డల్లాస్‌ఎండ · జూన్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

అమెరికాకి ఎంఎస్ చదవడానికి వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్ ఇంటర్నెట్ బిల్లు నా పేరు మీద ఉండేది. సెమిస్టర్ అయ్యాక తలా ఒక దిక్కు వెళ్ళిపోయాం, మోడెమ్ ఎవరూ వెనక్కి ఇవ్వలేదు, ఆ బాకీ కలెక్షన్స్‌కి, అంటే మొండి బాకీలు వసూలు చేసేవాళ్ళకి పోయింది. ఆ తర్వాత ఏ కార్డుకి అప్లై చేసినా రిజెక్టే. సరిగ్గా అప్పుడే పోస్టులో ఒక కవరు వచ్చింది, మిమ్మల్ని ముందే ఎంపిక చేశాం అని. బ్యాంకు పేరు రాయను, ఇలాంటి కార్డులు వాడినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది. 300 డాలర్ల లిమిట్. కార్డు రాకముందే ప్రోగ్రామ్ ఫీజు అని 95 కట్టించుకున్నారు. మొదటి స్టేట్‌మెంట్‌లోనే యాన్యువల్ ఫీజు 75. అంటే 300 కార్డులో నేను వాడుకోగలిగింది 225. రెండో ఏడాది నుంచి నెలనెలా 6.25 సర్వీసింగ్ ఫీజు కూడా మొదలైంది.

రెండేళ్ళు ఒక్క పేమెంట్ కూడా మిస్ కాలేదు. క్రెడిట్ స్కోరు (అప్పులు సరిగ్గా కడతామా అని చూసే అంకె) 694కి వచ్చింది, ఫీజు లేని మంచి కార్డు దొరికింది. ఇక దీనితో పనేముందని మార్చి 12న ఫోన్ చేసి మూసేయమన్నాను. ఆవిడ 41.60 బ్యాలెన్స్ ఉంది, కట్టేస్తే అయిపోతుంది అంది. ఫోన్లోనే డెబిట్ కార్డుతో కట్టాను. కన్ఫర్మేషన్ నంబరు ఇచ్చింది. కార్డు కత్తిరించి పారేశాను.

నిన్న రాత్రి ఫోన్‌కి అలర్ట్ వచ్చింది. స్కోరు 611. ఆ కార్డు మీద 30 రోజుల లేటు అని రిపోర్ట్ చేశారట. లాగిన్ అవుదామంటే అకౌంట్ మూసినందుకు ఆన్‌లైన్ యాక్సెస్ తీసేశారు. పాత అడ్రస్‌కి వెళ్ళిన స్టేట్‌మెంట్లు ఫ్రెండ్ ఫొటో తీసి పంపాడు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా:

మార్చి 18: సర్వీసింగ్ ఫీజు 6.25, వడ్డీ 0.83. మొత్తం 7.08. మినిమమ్ 7.08, గడువు ఏప్రిల్ 12.
ఏప్రిల్ 18: లేట్ ఫీజు 29.00, సర్వీసింగ్ ఫీజు 6.25, వడ్డీ 0.21. మొత్తం 42.54.
మే 18: లేట్ ఫీజు 40.00, సర్వీసింగ్ ఫీజు 6.25, వడ్డీ 1.11. మొత్తం 89.90.

నేను ఒక్క సెంటు కూడా వాడలేదు. ఇవాళ మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకడు మాఫీ చేస్తానన్నాడు, ఇంకొకడు కుదరదన్నాడు, మూడోసారి హోల్డ్‌లో పెట్టి కట్ చేశారు. వచ్చే నెల కారు లోన్ తీసుకోవాలనుకున్నాను. ఏం చేయాలి?

---

ఎందుకొచ్చినగొడవ · జూన్ 3, రాత్రి 11:05

తమ్ముడూ, 90 డాలర్లు వాళ్ళ మొహాన కొట్టి వదిలించుకో. నీ గంట జీతం కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువేమో, అంతే. వీళ్ళతో తగువు పెట్టుకుంటే నీ నిద్ర పోతుంది తప్ప వాళ్ళది పోదు.

---

డల్లాస్‌ఎండ · జూన్ 3, రాత్రి 11:12

అన్నా, డబ్బు సంగతి సరే, కట్టేస్తా. కట్టినంత మాత్రాన ఆ 30 రోజుల లేటు పోదు కదా. ఏడేళ్ళు ఉంటుందట.

---

రెండోషిఫ్ట్ · జూన్ 3, రాత్రి 11:48

ఇలాంటి కార్డుల కాల్ సెంటర్లో ఏడాదిన్నర పని చేశాను. అక్కడ జరిగేది చెప్తాను.

నువ్వు మూసేయమన్నప్పుడు ఎదుటి మనిషి నొక్కే బటన్ అకౌంట్‌ని మూయదు. కొత్త కొనుగోళ్ళు ఆపుతుంది, అంతే. స్క్రీన్ మీద మూసివేత పెండింగ్ అని కనబడుతుంది. బ్యాలెన్స్ సున్నాకి వచ్చి, ఒక స్టేట్‌మెంట్ సున్నాతో బయటికొచ్చాకే నిజంగా మూసినట్టు. నువ్వు అడిగినరోజు కనబడిన 41.60 అంతకుముందు స్టేట్‌మెంట్ వరకు ఉన్న లెక్క. ఆ స్టేట్‌మెంట్ నుంచి 12 దాకా పెరిగిన వడ్డీ, 18న పడాల్సిన నెల ఫీజు అందులో లేవు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. తర్వాతి స్టేట్‌మెంట్ తేదీ దాకా కలిపి పే-ఆఫ్, అంటే బాకీ పూర్తిగా తీరడానికి కట్టాల్సింది, ఎంత అని అడిగితే తప్ప ఆ అంకె చెప్పమని మాకు ట్రైనింగ్‌లో లేదు.

ఇంకో సంగతి. మేం నోట్స్ రాసేవాళ్ళం, కానీ నాలుగు ముక్కలు. నీ మార్చి కాల్‌కి వాళ్ళ దగ్గర ఉండేది బహుశా 'కస్టమర్ మూసేయమన్నారు, 41.60 కట్టారు' అన్న ఒక్క లైనే.

---

నిదానమే · జూన్ 4, ఉదయం 7:20

డల్లాస్‌ఎండ గారూ, ఫోన్లు ఆపండి. ఈ దేశంలో క్రెడిట్ కార్డు బిల్లు మీద తగువుకి చట్టం ఉంది, 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్. అందులో మీ హక్కు మొదలయ్యేది ఫోన్‌తో కాదు, కాగితంతో. తప్పున్న స్టేట్‌మెంట్ పంపిన తేదీ నుంచి 60 రోజుల్లో ఉత్తరం వాళ్ళకి చేరాలి. అదీ డబ్బులు కట్టే అడ్రస్‌కి కాదు. స్టేట్‌మెంట్ వెనకవైపు, బియ్యపు గింజంత అక్షరాల్లో, బిల్లింగ్ ఎంక్వైరీస్ అని వేరే అడ్రస్ ఉంటుంది. ఎక్కువమంది అక్కడే బోల్తా పడతారు.

ఉత్తరం అందాక 30 రోజుల్లో అందిందని జవాబివ్వాలి. రెండు బిల్లింగ్ సైకిళ్ళలో, ఎంత లేటైనా 90 రోజుల్లో తేల్చాలి. తేలేదాకా తగువులో ఉన్న మొత్తం మీరు కట్టక్కర్లేదు, ఆ మొత్తానికి మిమ్మల్ని లేటు అని కొత్తగా రిపోర్ట్ చేయకూడదు.

ఇప్పుడు తేదీలు చూడండి. మార్చి 18 స్టేట్‌మెంట్‌కి 60 రోజులు మే 17తో అయిపోయాయి. ఏప్రిల్ 18 దానికి జూన్ 17 దాకా ఉంది. మీకు ఉన్నది 13 రోజులు.

---

ఆవకాయజాడీ · జూన్ 4, ఉదయం 8:02

నిదానమే గారు చెప్పింది నిజం, నేను అనుభవించాను. కాకపోతే నా కథ తిరగబడింది. నేను మూయమనలేదు, వాళ్ళే మూసేశారు. డిపాజిట్ పెట్టి తీసుకున్న కార్డు, ఎనిమిది నెలలు వాడలేదు. ఒకరోజు షాపులో డిక్లైన్ అయింది. మూసేశాక నేను వెనక్కిచ్చిన వస్తువు రీఫండ్ 62 డాలర్లు ఆ కార్డులోకే వచ్చి పడింది. మూసేసిన అకౌంట్లో నా 62! ఫోన్ చేస్తే ప్రాసెస్‌లో ఉంది అంటారు, ఏ ప్రాసెసో చెప్పరు. మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి ఉత్తరం రాశాను. రాసి అడిగిన ఏడు పనిదినాల్లో క్రెడిట్ బ్యాలెన్స్ తిరిగివ్వాలని రూలు ఉందట. చెక్కు ఆరో రోజున వచ్చింది.

---

అట్లతద్ది · జూన్ 4, ఉదయం 8:30

వాడకపోతే వాళ్ళే మూసేయొచ్చా అక్కా? నోటీసు ఇవ్వక్కర్లేదా?

---

ఆవకాయజాడీ · జూన్ 4, ఉదయం 8:41

మూసేయొచ్చు. వాడనందుకు మూసినా, బాకీ పడ్డందుకు మూసినా ముందు చెప్పక్కర్లేదంట. కానీ వాడనందుకు ఫీజు మాత్రం వేయకూడదు.

---

నిదానమే · జూన్ 4, ఉదయం 9:15

అవును. క్రెడిట్ కార్డుల మీద 2009లో కార్డ్ యాక్ట్ అనే చట్టం వచ్చాక వాడనందుకు ఫీజు, అకౌంట్ మూసినందుకు ఫీజు రెండూ నిషేధం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, డల్లాస్‌ఎండ గారి కేసులో అదే ఇబ్బంది. మూసినందుకు *కొత్తగా* ఫీజు వేయకూడదు, ఉన్న ఫీజు *పెంచకూడదు*. మూయకముందు నుంచీ వేస్తున్న నెల ఫీజుని, బ్యాలెన్స్ మిగిలి ఉన్నంతకాలం అలాగే వేస్తూ పోవడాన్ని ఆ రూలు ఆపదు. కాబట్టి 6.25 గురించి మనం ఎంత మొత్తుకున్నా వాళ్ళకి చెప్పుకోవడానికి ఒక దారి ఉంది.

---

డల్లాస్‌ఎండ · జూన్ 4, ఉదయం 9:22

అంటే నేను వాడని, మూసేయమన్న కార్డుకి ఫీజు వేయడం లీగలా??

---

లెక్కలపిచ్చి · జూన్ 4, మధ్యాహ్నం 12:35

మీరందరూ 6.25 చుట్టూ తిరుగుతున్నారు. ఏప్రిల్ 18 లైను మళ్ళీ చదవండి.

మినిమమ్ 7.08. లేట్ ఫీజు 29.

కట్టాల్సిన మినిమమ్ కన్నా లేట్ ఫీజు ఎక్కువ ఉండకూడదు. అదీ కార్డ్ యాక్ట్ రూలే. 7.08 కట్టలేదంటే గరిష్ఠంగా 7.08 వేయాలి. వీళ్ళు 21.92 ఎక్కువ వేశారు. ఇందులో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు, కూడికలు తీసివేతలే.

ఇంకా ఉంది. మే నెల మినిమమ్ 42.54 అయిందంటే అందులో ఆ 29 ఉంది కాబట్టే. 7.08 మాత్రమే వేసి ఉంటే అక్కడ 20.62 ఉండేది. అప్పుడు 40 లేట్ ఫీజు వేసే వీలే లేదు, 20.62 దాటకూడదు. ఒక తప్పు మీద ఇంకో తప్పు, గోరుచుట్టు మీద రోకటి పోటు.

---

రెండోషిఫ్ట్ · జూన్ 4, మధ్యాహ్నం 1:10

అబ్బా. నేను అక్కడ ఏడాదిన్నర కూర్చుని కూడా ఇది చూడలేదు. మామూలు అకౌంట్లలో మినిమమ్ 30, 35 ఉంటుంది కాబట్టి 29 వేసినా ఎవరికీ తగలదు. మూసేసి చిల్లర మిగిలిన అకౌంట్లలోనే బయటపడుతుంది. సిస్టమ్‌లో ఆ చెక్ పెట్టినట్టు లేరు.

---

నిదానమే · జూన్ 4, మధ్యాహ్నం 1:44

లెక్కలపిచ్చి గారికి దండం. ఇప్పుడు ఉత్తరం మారింది. ఫీజు అన్యాయం అని రాస్తే అది ఫిర్యాదు. ఫీజు తప్పుగా లెక్కకట్టారు అని రాస్తే అది చట్టం గుర్తించే బిల్లింగ్ ఎర్రర్. మొదటిదానికి మర్యాదగా జవాబిచ్చి ఊరుకుంటారు, రెండోదానికి విచారణ చేసి తీరాలి. డల్లాస్‌ఎండ గారూ, కోపం కవర్లో పెట్టకండి. పేరు, అకౌంట్ నంబరు, తేదీ, అంకె, ఎందుకు తప్పు. ఒక్క పేజీ.

---

ఎందుకొచ్చినగొడవ · జూన్ 4, సాయంత్రం 6:50

సరే, ఒప్పుకుంటున్నా, 29 తప్పే. కానీ కారు లోన్ వచ్చే నెల కదా. 90 రోజులు ఎవరు ఆగుతారు? నేనైతే తగువు లేని 7.08 ముందు కట్టేస్తా, కనీసం అకౌంట్ ఇంకా లేటులోకి జారకుండా ఉంటుంది. 180 రోజులు దాటితే చార్జ్-ఆఫ్, అంటే ఇక రాని బాకీ అని రాసేస్తారు, అది 30 రోజుల లేటు కన్నా పదింతలు పెంట.

---

లెక్కలపిచ్చి · జూన్ 4, సాయంత్రం 7:15

ఈ మాటకి నేనూ ఓటేస్తా. కాకపోతే 7.08 కాదు, లేట్ ఫీజులు రెండూ, వాటిమీద వడ్డీ తీసేసి మిగతాది కట్టాలి. మార్చి 7.08, ఏప్రిల్ 6.25, మే 6.25 కలిపితే 19.58. దానికి వడ్డీ పైసలు కలిపి 20 పంపు. చెక్కు మీద తగువులో లేని మొత్తం అని రాయి. ఉత్తరం ఉన్న కవర్లో పెట్టకు, పేమెంట్ అడ్రస్‌కి వేరేగా పంపు.

---

అట్లతద్ది · జూన్ 4, రాత్రి 9:30

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నాకూ అలాంటి కవరే వచ్చింది, 89 ప్రోగ్రామ్ ఫీజు అన్నారు. మొదటి ఏడాది ఫీజులు లిమిట్‌లో 25 శాతం దాటకూడదని ఎక్కడో చదివాను. 300కి 75 అంటే అక్కడికే 25 శాతం అయిపోయింది కదా, మరి ఈ 89 ఎలా తీసుకుంటారు?

---

నిదానమే · జూన్ 4, రాత్రి 10:20

మంచి ప్రశ్న. 25 శాతం రూలు కార్డ్ యాక్ట్‌లోదే. దానికి ముందు 250 డాలర్ల లిమిట్ ఇచ్చి, అందులో సగానికి పైగా ఫీజులకే ఊడ్చుకునే కార్డులు ఉండేవి. చట్టం వచ్చాక బ్యాంకులు ఫీజుని అకౌంట్ తెరవకముందుకి జరిపాయి. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అది కూడా 25 శాతంలోకే వస్తుందని రూలు రాసింది. సౌత్ డకోటాలోని ఒక బ్యాంకు కోర్టుకెళ్ళి 2011లో దాన్ని ఆపించింది. 2013లో సీఎఫ్‌పీబీ (బ్యాంకుల నుంచి వినియోగదారుల్ని కాపాడే ఫెడరల్ సంస్థ) తనే వెనక్కి తగ్గి, అకౌంట్ తెరవకముందు తీసుకునే ఫీజులు లెక్కలోకి రావని మార్చింది. 89, 95 లాంటి ప్రోగ్రామ్ ఫీజులు ఆ సందులోంచి వచ్చినవే. లేట్ ఫీజులు కూడా 25 శాతం లెక్కలోకి రావు. ఏడాది దాటాక ఆ పరిమితే ఉండదు, అందుకే నెల ఫీజు 13వ నెలలో మొదలవుతుంది. అనుకోకుండా జరిగింది కాదు.

ఈ కార్డులు ఎక్కువగా సౌత్ డకోటా, డెలావేర్ అడ్రస్‌ల నుంచి ఎందుకొస్తాయో కూడా చెప్తా. 1978లో సుప్రీంకోర్టు, బ్యాంకు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం వడ్డీ పరిమితే దేశమంతా వర్తిస్తుందని తీర్పిచ్చింది. సౌత్ డకోటా రెండేళ్ళలో పరిమితే ఎత్తేసింది. మనం టెక్సస్‌లో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా చాలాసార్లు ఆ కవరు మీద సూ ఫాల్స్ అని, సౌత్ డకోటాలోని ఊరి పేరు ఉంటుంది.

---

ఆవకాయజాడీ · జూన్ 4, రాత్రి 10:45

అట్లతద్దీ, ఆ 89 కట్టకు తల్లీ. అదే డబ్బు డిపాజిట్ కార్డులో పెడితే చివర్లో తిరిగొస్తుంది. ఒకవేళ ఈ కార్డు ఇప్పటికే తీసుకుని ఉంటే, వాడకముందు, మొదటి బిల్లులో ఫీజు కట్టకముందు వద్దని చెప్పే హక్కు ఉంది. ఒక్కసారి గీకావో, అది పోతుంది.

---

డల్లాస్‌ఎండ · జూన్ 5, సాయంత్రం 5:30

పంపించాను. ఒక్క పేజీ. లెక్కలపిచ్చి గారి కూడిక యథాతథంగా పెట్టాను. మార్చి 12 డెబిట్ ట్రాన్సాక్షన్ బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేశాను. సర్టిఫైడ్ మెయిల్, అందినట్టు సంతకం చేసి తిరిగొచ్చే పచ్చ కార్డుతో. కౌంటర్ దగ్గరాయన అడ్రస్ చూసి, మళ్ళీ వీళ్ళకేనా అన్నట్టు నవ్వాడు. 20 చెక్కు వేరే కవర్లో వెళ్ళింది.

సీఎఫ్‌పీబీకి కూడా ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. మన అప్పుల రికార్డు ఉంచే మూడు క్రెడిట్ బ్యూరోలకీ, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, లేటు మార్క్ మీద డిస్ప్యూట్ వేశాను.

ఒక చిన్న డౌటు, నవ్వకండి. ఇది హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌లో అడ్డు పడుతుందా?

---

రెండోషిఫ్ట్ · జూన్ 5, సాయంత్రం 5:52

పడదు. హెచ్1బీ పిటిషన్‌లో క్రెడిట్ స్కోరు అడగరు. నిద్రపో.

---

నిదానమే · జూన్ 5, సాయంత్రం 6:40

సీఎఫ్‌పీబీ ఫిర్యాదుకి కంపెనీ మామూలుగా 15 రోజుల్లో జవాబిస్తుంది. బ్యూరోలకి 30 రోజులు. కాని బ్యూరో చేసే విచారణ అంటే పెద్దగా ఏమీ ఉండదు, బ్యాంకునే అడిగి, వాళ్ళు అవునంటే అవును అని రాసేస్తుంది. అందుకే బ్యాంకు దగ్గర కాగితం గెలవడం ముఖ్యం.

---

డల్లాస్‌ఎండ · జూలై 29, రాత్రి 9:15

చాలామంది పర్సనల్‌గా అడిగారు, అందుకే మళ్ళీ రాస్తున్నా.

సీఎఫ్‌పీబీ ఫిర్యాదుకి 13వ రోజున ఒక ఆవిడ ఫోన్ చేసింది. ఈసారి పూర్తి పేరు, డైరెక్ట్ నంబరు ఇచ్చి మాట్లాడింది. నాలుగు రోజులకి ఉత్తరం. 29 లేట్ ఫీజు లెక్కలో పొరపాటు, వెనక్కి వేశాం అని ఒక లైను. 40 కూడా వెనక్కి. నెల ఫీజులు 'మర్యాదపూర్వకంగా' మాఫీ, ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదు అని ఇంకో లైను. బ్యాలెన్స్ సున్నా. నేను పంపిన 20 ఇప్పుడు వాళ్ళ దగ్గర నా క్రెడిట్! ఆవకాయజాడీ అక్కా, మీ ఏడు పనిదినాల ఉత్తరం రాశాను, చెక్కు వచ్చింది.

లేటు మార్క్ ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ తీసేశాయి. ఈక్విఫాక్స్ మాత్రం పరిశీలించాం, సరైనదే అని పంపింది. స్కోరు ఒక చోట 688, ఇంకో చోట 681, అక్కడ మాత్రం 622.

కారు లోన్ డీలర్ దగ్గర ఆ 622 రిపోర్టే తీశారు. వద్దని లేచి వచ్చేశాను. ఇంకో నెల బస్సే.

---

లెక్కలపిచ్చి · జూలై 29, రాత్రి 9:40

బ్యాంకు ఉత్తరం కాపీ జత చేసి ఈక్విఫాక్స్‌కి మళ్ళీ వేయి. ఈసారి ఆన్‌లైన్ ఫారం కాదు, కాగితమే. వాళ్ళ బ్యాంకే తప్పు ఒప్పుకున్న లైను కింద గీత గీయి.

---

డల్లాస్‌ఎండ · జూలై 29, రాత్రి 9:43

గీశాను. ఎర్ర పెన్నుతో. రేపు పొద్దున పోస్టాఫీసు.